నోటీసు అందరికీ కనబడాలంటే: తెలుగు అక్షరాల అమరిక గురించి కొన్ని మాటలు

 

పోయిన సంవత్సరం మన బడిలో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. తప్పు నాదే కాబట్టి చెప్పడానికి మొహమాటం లేదు. స్కాలర్‌షిప్ ఫారాలు ఇవ్వడానికి చివరి తేదీ ఏదో చెప్పే నోటీసు నేనే తయారుచేశాను. ఒకే కాగితం మీద మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు మూడూ పెట్టాను. చోటు చాలలేదని తెలుగు అక్షరాలు చిన్నవి చేసి, లైన్లు దగ్గరికి నొక్కాను. చుట్టూ పూల బార్డరు, వెనక లేత రంగులో బడి బొమ్మ. స్టాఫ్ రూములో అందరూ బాగుందన్నారు.

గడువు దాటిన మర్నాడు ఒక అమ్మాయి నానమ్మ ఫారం పట్టుకుని వచ్చింది. "సారూ, గోడ మీద కాగితం చూసిన. నాకు తెలుగు చదవొస్తది. కానీ అది చీమలు పాకినట్టుంది. తారీఖు ఎక్కడుందో కానరాలే" అన్నది. ఆ ఏడు ఆ పాప ఫారం పోలేదు.

నోటీసులో తేదీ ఉంది, తప్పులు కూడా లేవు. అయినా అది చదవాల్సిన మనిషికి అందలేదు. అప్పటి నుంచి నోటీసు రాసేటప్పుడు ఏం రాశాం అన్నదానితో పాటు అక్షరాలు ఎట్లా పేర్చాం అన్నది కూడా చూసుకోవడం మొదలుపెట్టాను. దీన్నే టైపోగ్రఫీ అంటారు. అంటే అక్షరాల అమరిక: ఏ ఫాంటు, ఎంత సైజు, లైన్ల మధ్య ఎంత గ్యాప్, ఏది లావుగా, ఏది ఎక్కడ. పోస్టరు, ఫ్లెక్సు, పెళ్ళిపత్రిక, పుస్తకం అట్ట, దుకాణం బోర్డు... ఏ డిజైన్ పని అయినా సగం పని ఇదే. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఫోన్లోనే పోస్టర్లు చేస్తున్నారు. పై తరగతుల వాళ్ళు డీటీపీ నేర్చుకుంటామని అడుగుతున్నారు. అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు

ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి వరసగా కూర్చుంటాయి. తెలుగు అక్షరం అట్లా కాదు. మధ్యలో అసలు అక్షరం, దాని మీద తలకట్టు, గుడి, ఏత్వం లాంటివి, దాని కింద వత్తులు. మూడంతస్తుల ఇల్లు అనుకోండి.

మన ఊరి పేరే చూడండి. "ముఖేడ్" అని రాస్తే 'ఖే' మీద ఏత్వం ఉంటుంది, 'డ్' మీద పొల్లు ఉంటుంది. కింద ఏమీ లేదు. ఇప్పుడు మన రాష్ట్రం పేరు రాయండి: "మహారాష్ట్ర". 'ష' కింద 'ట' వత్తు, దానితో పాటు 'ర' వత్తు. ఒక్క అక్షరం కింద రెండు వత్తులు. ఈ రెండు పేర్లూ ఒకే బోర్డు మీద ఉంటే, రెండో పేరుకు కింద ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు ఇవ్వకపోతే వత్తులు కింద లైనులోని గుడులకు తగులుతాయి. చీమలు పాకినట్టు కనిపించింది అందుకే.

ఇంకో సంగతి. తెలుగులో చిన్న గీత, చిన్న చుక్క మారితే అక్షరమే మారిపోతుంది. 'ద' కింద చిన్న గీత పెడితే 'ధ'. దాని కడుపులో చుక్క పెడితే 'థ'. 'ర' కడుపులో చుక్క పెడితే 'ఠ'. గుడి కొంచెం సాగి చివర సుడి తిరిగితే గుడిదీర్ఘం. "విధి" అంటే రాత, "వీధి" అంటే మనం నడిచే దారి. "అర్ధం" అంటే సగం, "అర్థం" అంటే భావం. అక్షరం మరీ చిన్నదైనా, మరీ లావైనా ఆ చుక్క పూడిపోతుంది. చదివేవాడు ఊహించుకోవాల్సి వస్తుంది. నోటీసులో ఊహించుకునే పని ఉండకూడదు.

లైన్ల మధ్య గాలి ఆడాలి

టైపోగ్రఫీలో ఒక్కటే నేర్చుకుంటామంటే ఇది నేర్చుకోండి. అక్షరాల సైజును పాయింట్లలో కొలుస్తారు. 72 పాయింట్లు ఒక అంగుళం. 12 పాయింట్ల ఇంగ్లీషు లైన్ల మధ్య 14, 15 పాయింట్ల దూరం ఉంటే సరిపోతుంది. తెలుగుకు అది చాలదు. 12 పాయింట్ల అక్షరానికి 17, 18 పాయింట్ల దూరం ఇవ్వండి. అంటే సుమారు ఒకటిన్నర రెట్లు.

చాలా డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఫోటోషాప్‌లో లైన్ల దూరం 'ఆటో' అని వదిలేస్తే అది అక్షరం సైజులో 120 శాతం పెడుతుంది. తెలుగుకు దాన్ని మనం చేత్తో 140 నుంచి 160 శాతం దాకా పెంచుకోవాలి. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ దగ్గర 'ఎగ్జాక్ట్‌లీ' అని పెట్టి చిన్న అంకె ఇస్తే వత్తులు కిందికి తెగిపోయి సగమే కనిపిస్తాయి. ప్రింటులో వత్తులు తెగి వస్తే చాలామంది ఫాంటు చెడిపోయిందనుకుంటారు. ఎక్కువసార్లు తప్పు ఈ సెట్టింగులోనే ఉంటుంది.

చోటు చాలకపోతే ఏం చేయాలి? లైన్లు నొక్కొద్దు, మాటలు తగ్గించండి. "ఇందుమూలంగా తల్లిదండ్రులందరికీ తెలియజేయడమేమనగా" అని మొదలుపెడితే ఒక లైను అక్కడే అయిపోయింది. "తల్లిదండ్రులకు" అంటే చాలు. నా పాత నోటీసులో ఇట్లాంటి మాటలు తీసేస్తే మూడు లైన్లు మిగిలాయి. ఆ మూడు లైన్ల చోటు ఉంటే ఆ నానమ్మకు తారీఖు కనిపించేది.

ఏది ముందు చూడాలో అక్షరమే చెప్పాలి

నోటీసు ముందు నిలబడ్డ మనిషి మొత్తం చదవడు. మొదట కళ్ళు తిప్పుతాడు. తనకు సంబంధించిందని తెలిస్తేనే చదువుతాడు. అందుకే అక్షరాలకు వరస క్రమం ఉండాలి. ఒక నోటీసుకు మూడు మెట్లు చాలు.

మొదటి మెట్టు: విషయం ఏమిటి. "స్కాలర్‌షిప్ ఫారాలు". దూరం నుంచి కనబడాలి.

రెండో మెట్టు: ఎప్పటిలోగా, ఎక్కడ. తేదీ, సమయం, గది. ఇది మొదటి మెట్టు కంటే కొంచెం చిన్నగా, మిగతా వాటికంటే బాగా పెద్దగా ఉండాలి. తేదీని వాక్యం మధ్యలో దాచొద్దు, విడిగా ఒక లైనులో పెట్టండి.

మూడో మెట్టు: మిగతా వివరాలు. ఏ కాగితాలు తేవాలి, ఎవరిని అడగాలి.

గోడ మీద అతికించే ఏ4 కాగితమైతే మూడో మెట్టుకు 18 పాయింట్ల కంటే తగ్గొద్దు. రెండో మెట్టు దానికి రెండింతలు. మొదటి మెట్టు ఇంకా పెద్దది. మెట్ల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి. 18, 20, 22 అని పెడితే కంటికి తేడా తెలియదు. అన్నీ ఒకటే అనిపిస్తాయి.

ఇంగ్లీషులో ముఖ్యమైన మాటను పెద్దబడి అక్షరాల్లో రాస్తారు. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు. పక్కకు వాల్చి రాయడం కూడా మన లిపి అలవాటు కాదు. కంప్యూటర్ బలవంతంగా వాలుస్తుంది, అప్పుడు గుండ్రని అక్షరాలు వంకరపోతాయి. మన చేతిలో ఉన్నవి నాలుగు: సైజు, లావు, రంగు, చుట్టూ ఖాళీ. ఇందులో ఖాళీ చాలా బలమైంది. ఒక తేదీ చుట్టూ రెండు వేళ్ళంత ఖాళీ వదిలితే అది ఎర్ర రంగు లేకుండానే కళ్ళలో పడుతుంది.

కింద గీత కొట్టే అలవాటు చాలామందికి ఉంది. తెలుగులో ఆ గీత వత్తుల మీదుగా పోతుంది. "మహారాష్ట్ర" కింద గీత కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది. గీత బదులు లావు అక్షరం వాడండి.

లైన్లు ఎడమ వైపు సమానంగా ఉంటే చదవడం తేలిక. రెండు వైపులా సమానంగా లాగితే తెలుగులో ఇబ్బంది వస్తుంది. "విద్యార్థులందరికీ", "తీసుకురావలసిందిగా" లాంటి పొడుగు మాటలు లైనులో పట్టక కిందికి దిగుతాయి. పైన మిగిలిన రెండు మాటల మధ్య ఎండిన వాగులాగా ఖాళీ ఏర్పడుతుంది. మధ్యకు పెట్టడం శీర్షికకు బాగుంటుంది, పేరాకు బాగుండదు.

ఫాంటు ఎంచుకునే పద్ధతి

ఫాంటు అంటే అక్షరాల దుస్తులు. పెళ్ళికి వేసుకునే బట్టలు పొలానికి వేసుకోం. బాపు గారి చేతిరాతలా ఉండే అక్షరాలు పెళ్ళిపత్రిక మీద ఎంతో అందంగా ఉంటాయి. అదే రాతలో పరీక్షల టైం టేబుల్ ఇస్తే పిల్లలు ఇబ్బంది పడతారు.

ఒకప్పుడు తెలుగు ఫాంట్లు కొనుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు మంచివి ఉచితంగా దొరుకుతున్నాయి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటి పేర్లు వింటేనే తెలుగు పాఠం గుర్తొస్తుంది: పెద్దన, ధూర్జటి, సూరన్న, రామభద్ర, మల్లన్న, తెనాలి రామకృష్ణ, గురజాడ, గిడుగు, మండలి. రామభద్ర బాగా లావుగా ఉంటుంది, శీర్షికకు పనికొస్తుంది. మండలి, మల్లన్న చదివే పేరాలకు సరిపోతాయి. రవిప్రకాష్ కుంచెతో రాసినట్టుంటుంది, పండగ పోస్టరుకు బాగుంటుంది.

అయితే ఒక జాగ్రత్త. ఈ ఫాంట్లలో చాలావాటికి ఒకటే లావు ఉంటుంది. మనం 'బోల్డ్' బటన్ నొక్కితే కంప్యూటర్ ఉన్న అక్షరానికే మసి పూసి లావు చేస్తుంది. చుక్కలు, సందులు పూడిపోతాయి. ఒకే ఫాంటులో వేర్వేరు లావులు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, బాలూ తమ్ముడు లాంటివి తీసుకోండి. వాటిలో లావు అక్షరాలు విడిగా ఉంటాయి.

ఫాంటు మంచిదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఈ అక్షరాలు టైపు చేసి, నోటీసులో పెట్టబోయే సైజులో ప్రింటు తీయండి:

ద ధ థ / ర ఠ / బ భ / ప ఫ వ / డ ఢ / చ ఛ / ఘ ఝ / మ య

తర్వాత ఈ మాటలు: మహారాష్ట్ర, విద్యార్థి, అర్ధం, అర్థం, విధి, వీధి, స్త్రీ, జ్ఞానం.

ఆ ప్రింటును జిరాక్స్ తీయండి. మన నోటీసులు ఇళ్ళకు చేరేది జిరాక్స్ రూపంలోనే కదా. జిరాక్స్‌లో కూడా ప్రతి అక్షరం వేరుగా కనిపిస్తే ఆ ఫాంటు పనికొస్తుంది. ఒక నోటీసులో రెండు ఫాంట్లకు మించి వాడొద్దు. శీర్షికకు ఒకటి, మిగతా దానికి ఒకటి.

మరాఠీ పక్కన తెలుగు

మన ఇళ్ళలో తెలుగు, బజారులో మరాఠీ. బడి నోటీసులో రెండూ ఉంటాయి, ఉండాలి కూడా. దుకాణాలు, సంస్థల బోర్డుల గురించి మహారాష్ట్ర ప్రభుత్వం 2022లో చట్టం సవరించింది. బోర్డు మీద మరాఠీ దేవనాగరి లిపిలో తప్పకుండా ఉండాలి, వేరే లిపి అక్షరాలు దానికంటే పెద్దగా ఉండకూడదు. దుకాణం ఉన్న తల్లిదండ్రులు తెలుగులో కూడా పేరు రాయించుకోవాలనుకుంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి. చూశారా, అక్షరం సైజు అనేది చట్టంలో కూడా ఉన్న విషయం!

రెండు లిపులు పక్కపక్కన పెట్టినప్పుడు ఒక తేడా గమనించాలి. మరాఠీ అక్షరాలు పైన ఉన్న శిరోరేఖకు వేలాడతాయి, దండెం మీద బట్టలు ఆరేసినట్టు. తెలుగు అక్షరాలకు దండెం లేదు. ఒక్కొక్కటి తన తలకట్టు తనే పెట్టుకుని గుండ్రంగా కూర్చుంటుంది. అందుకే రెండింటికీ 24 పాయింట్లు అని ఒకే అంకె ఇచ్చినా కంటికి ఒకేలా కనిపించకపోవచ్చు. అంకెను కాదు, కంటిని నమ్మండి. ప్రింటు తీసి మధ్య అంతస్తు ఎత్తు స్కేలుతో కొలవండి. చిన్నగా ఉన్నదాన్ని రెండు పాయింట్లు పెంచండి.

అక్షరాల మధ్య దూరం పెంచే సౌకర్యం సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. ఇంగ్లీషులో అది ఫ్యాషన్. మరాఠీలో అట్లా చేస్తే శిరోరేఖ ముక్కలవుతుంది. తెలుగులో చేస్తే మాట విడిపోయి ఒక్కో అక్షరం ఒంటరిగా నిలబడుతుంది. రెండింటిలోనూ దాన్ని ముట్టుకోవద్దు. అట్లాగే చోటు కోసం అక్షరాలను అడ్డంగా నొక్కడం, నిలువుగా సాగదీయడం కూడా వద్దు. సున్న కోడిగుడ్డు అవుతుంది.

ఇప్పుడు పిల్లలకు నచ్చే సంగతి. ముంబైలోని ఏక్ టైప్ అనే సంస్థ బాలూ అని ఒక ఫాంటు కుటుంబం తయారుచేసింది. దేవనాగరిలో దాని పేరు బాలూ. తెలుగులో బాలూ తమ్ముడు. కన్నడలో బాలూ తమ్మ. తమిళంలో బాలూ తంబి. ఉర్దూలో బాలూ భాయిజాన్. అన్నదమ్ముల్లా అన్నీ ఒకే పోలికలో ఉంటాయి. మరాఠీ, తెలుగు కలిపి పోస్టరు చేసేవాళ్ళకు ఇది మంచి జత. అదే సంస్థ చేసిన అనేక్ కూడా పలు లిపుల్లో ఉంది.

ఇంకో పేరు కూడా చెప్పాలి. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి కంప్యూటర్లో తెలుగు చదివినవాళ్ళందరూ గౌతమి ఫాంటు చూసే ఉంటారు. దాని రూపకల్పనకు నాయకత్వం వహించింది ముంబైకి చెందిన ఆర్. కె. జోషి గారు. ఆయన పూర్తి పేరు రఘునాథ్ జోషి (1936–2008). అక్షరకళలో గొప్ప పేరున్న మనిషి, ఐఐటీ బాంబేలో పాఠాలు చెప్పారు. విండోస్‌లోని దేవనాగరి ఫాంటు మంగళ్ కూడా ఆయనదే. మహారాష్ట్ర మనిషి పర్యవేక్షణలో తెలుగు అక్షరం కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. రెండు భాషల మధ్య పెరిగే మన పిల్లలు ఇట్లాంటి పనికి దూరంగా లేరని చెప్పడానికే ఈ మాట రాశాను.

వత్తులు విడిపోతే, డబ్బాలు కనిపిస్తే

డీటీపీ షాపుకు వాట్సాప్‌లో తెలుగు మేటర్ పంపిస్తే, ఫ్లెక్సు మీద 'క్ష' బదులు 'క', పొల్లు, 'ష' విడివిడిగా వచ్చిన సందర్భాలు మీరు చూసే ఉంటారు. ఎందుకట్లా?

తెలుగు టైపు చేయడానికి రెండు పద్ధతులున్నాయి. పాతది అను ఫాంట్ల లాంటి పద్ధతి. మరాఠీలో పుణే వారి శ్రీలిపి కూడా మొదట ఇట్లాంటిదే. వాటిలో ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు దాచి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు పిచ్చిరాతలు కనిపిస్తాయి. కొత్తది యూనికోడ్. ఇందులో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒకటే సంఖ్య. ఫోన్లో మనం టైపు చేసేది యూనికోడే.

యూనికోడ్‌లో 'క', పొల్లు, 'ష' అని మూడు సంఖ్యలు వస్తే వాటిని కలిపి 'క్ష' చేయాల్సింది సాఫ్ట్‌వేర్. పాత వెర్షన్లకు ఆ కలపడం రాదు. కొత్త వాటిలోనూ ఒక్కోసారి సెట్టింగు మార్చాలి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో 'ఇండిక్ ఆప్షన్స్' టిక్కు పెట్టాలి. ఇది తెలియక చాలామంది తెలుగు రావట్లేదని ఇంగ్లీషులోనే వేసేస్తుంటారు.

షాపుకు ఇచ్చేటప్పుడు మూడు పనులు చేయండి. ఒకటి, మేటరుతో పాటు అది సరిగ్గా ఎట్లా కనిపించాలో ఒక ఫోటో కూడా పంపండి. మన దగ్గర తెలుగు చదవడం రాని ఆపరేటర్లు ఉంటారు. వాళ్ళను తప్పు పట్టలేం, పోల్చుకోవడానికి వాళ్ళకు నమూనా కావాలి. రెండు, డిజైన్ మీరే చేస్తే అక్షరాలను 'కర్వ్స్'గా మార్చి లేదా పీడీఎఫ్ చేసి ఇవ్వండి. అప్పుడు ఫాంటు లేకపోయినా రూపం మారదు. మూడు, వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే సైజు తగ్గి అంచులు మసకబారతాయి.

పిల్లలకు ఇంకొక్క మాట. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో ఒకే ధ్వనికి అన్ని భారతీయ లిపుల్లోనూ ఒకటే మీట. తెలుగు 'క' ఎక్కడుందో మరాఠీ 'క' కూడా అక్కడే. తెలుగులో నేర్చుకుంటే మరాఠీ టైపింగ్ దాదాపు వచ్చేసినట్టే. రెండు భాషల్లో టైపు చేయగలిగే పిల్లలకు సరిహద్దు ప్రాంతంలో పని దొరుకుతుంది.

ఫ్లెక్సుకు దూరం లెక్క, రంగు లెక్క

బోర్డులు రాసేవాళ్ళు వాడే సాధారణ లెక్క ఒకటుంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. గేటు దగ్గర కట్టే ఫ్లెక్సును రోడ్డు అవతల నలభై అడుగుల దూరం నుంచి చదవాలంటే ముఖ్యమైన లైను నాలుగు అంగుళాలు ఉండాలి. ఇక్కడ అంగుళం అంటే మధ్య అంతస్తు ఎత్తు. గుడులు, వత్తులు దీనికి అదనం. పాయింట్లతో చెప్పే సైజులో పైన, కింద వదిలిన చోటు కూడా కలిసి ఉంటుంది. 72 పాయింట్లు పెట్టాను కాబట్టి అక్షరం అంగుళం వచ్చిందనుకోవద్దు, కొలుచుకోండి.

రంగులో చూడాల్సింది తేడా. తెలుపు మీద నలుపు, పసుపు మీద నలుపు, ముదురు నీలం మీద తెలుపు బాగా కనిపిస్తాయి. ఎరుపు మీద ఆకుపచ్చ, నీలం మీద ఎరుపు కళ్ళను ఇబ్బంది పెడతాయి. కొంతమందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా అసలు తెలియదు. అక్షరాల వెనక ఫోటో పెట్టొద్దు. నీడలు, బయటి గీతలు, మెరుపులు తెలుగు అక్షరం కడుపులోని చుక్కను మింగేస్తాయి.

పాత నోటీసు, కొత్త నోటీసు

ఆ స్కాలర్‌షిప్ నోటీసును నేను మళ్ళీ చేశాను. పూల బార్డరు తీసేశాను. బొమ్మ తీసేశాను. మూడు భాషలను ఒక కాగితంలో ఇరికించకుండా రెండు కాగితాలు చేశాను: ఒకటి మరాఠీ, ఇంగ్లీషు; పక్కనే ఇంకోటి తెలుగు. తెలుగులో ఇంతే ఉంది:

స్కాలర్‌షిప్ ఫారాలు
చివరి తేదీ (ఒక్కటే లైనులో, అన్నిటికంటే లావుగా)
ఆఫీసులో ఇవ్వాలి, ఉదయం 11 నుంచి
తేవలసినవి: ఆధార్ జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్, ఒక ఫోటో

నాలుగు లైన్లు. మిగతా కాగితమంతా తెల్లగా ఉంది. "ఇంత ఖాళీ ఎందుకు సార్, ఏదైనా బొమ్మ పెట్టొచ్చుగా" అని ఒక అబ్బాయి అడిగాడు. ఆ ఖాళీ వల్లనే మీ నానమ్మ తారీఖు చదవగలుగుతుందిరా అని చెప్పాను. ఈ ఏడు ఆ నానమ్మ గడువుకు ముందే వచ్చింది. గోడ దగ్గర నిలబడి తారీఖు బయటికి చదివి వినిపించింది కూడా.

ఎందుకింత పట్టింపు?

1956లో రాష్ట్రాలు మారినప్పుడు మన నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, అక్కడి నుంచి 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. అదే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందేలా చూడాలని అది చెబుతుంది. హక్కు కాగితం మీద ఉంది. కానీ పిల్లవాడికి మాతృభాష కనిపించేది గోడ మీద. బజారులో మన పిల్లలకు తెలుగు అక్షరం కనిపించేది తక్కువ. బడి గోడ మీద కూడా అది చిన్నగా, ఇరుగ్గా, వత్తులు తెగిపోయి ఉంటే "మన అక్షరం ఇంతే" అని వాళ్ళ మనసులో పడిపోతుంది. చక్కగా, నిండుగా కనిపిస్తే వాళ్ళే దాన్ని రాయాలనుకుంటారు.

పిల్లలకు పని

ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన మనిషి ఆయన. ఆ రోజు కోసం ప్రతి తరగతి ఒక పోస్టరు చేయండి. ఫిబ్రవరి 27 మరాఠీ భాషా గౌరవ దినానికి ఇంకొకటి చేద్దాం. చేత్తో రాసినా సరే, కంప్యూటర్లో చేసినా సరే. నియమాలు ఇవి:

1. రెండు ఫాంట్లకు మించొద్దు. చేత్తో రాస్తే రెండు రకాల రాతకు మించొద్దు.
2. మూడు మెట్లు స్పష్టంగా ఉండాలి.
3. ఒక్క వత్తు కూడా కింది లైనుకు తగలకూడదు.
4. ఇరవై మాటలకు మించొద్దు.
5. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని పది అడుగుల దూరంలో నిలబెట్టి చదివించండి. వాళ్ళు ఎక్కడ ఆగారో రాసుకోండి. ఆగిన చోట మార్చి మళ్ళీ చదివించండి.

ఐదో నియమానికే ఎక్కువ మార్కులు. పోస్టరు వెనక, చదివినవాళ్ళు ఎక్కడ ఆగారో, మీరేం మార్చారో రెండు లైన్లు రాయండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బడి నోటీసుల్లో ఏదైనా చదవడానికి కష్టంగా ఉంటే "నాకు కళ్ళు సరిగ్గా కనబడవులే" అని ఊరుకోకండి. వచ్చి చెప్పండి. మీ కళ్ళ తప్పు కాకపోవచ్చు, మా అక్షరాల తప్పు కావచ్చు. సరిచేసుకుంటాం.

మీ తెలుగు ఉపాధ్యాయుడు